ఇన్‌స్పెక్టరమ్మ బాంజో

ఆవిడ బాంజోని బల్ల మీద పెట్టింది గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"ముందు నీ చేతులు చూపించు," అంది.

చూపించాను. గోళ్ళ సందుల్లో జిగురు, చూపుడువేలి మీద ఆకురాయి గీసుకుపోయిన మచ్చ. కళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చుకుని, పుచ్చులున్నాయేమోనని వంకాయని తిప్పి చూసినట్టు నా చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వే చేస్తావా, ఇంకెవరికైనా పంపిస్తావా?"

"నేనే చేస్తానమ్మా. ఈ షాపులో పని చేసేది నేనొక్కదాన్నే."

"మరి లోపల దగ్గుతున్నదెవరు?"

"మా నాన్నగారు. చెయ్యి వణుకుతుందని పని మానేశారు. వెనక గదిలో ఉంటారు."

ఆవిడ ఆ గది తలుపు వంక కాసేపు చూసి, అప్పుడు బాంజో మీంచి చెయ్యి తీసింది.

దాన్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మెడా, నాలుగు తీగలూ యుకులేలే అనే బుల్లి గిటారువి. ఒళ్ళు మాత్రం చిన్న డప్పు. గుండ్రటి చెక్క చట్రం మీద దూడతోలు పరిచి, చుట్టూ కొక్కేలతో నట్లతో బిగిస్తారు. గిటారుకీ డప్పుకీ పుట్టిన పిల్లలా ఉంటుంది. బాంజో యుకులేలే అని పూర్తి పేరు పలికే ఓపిక లేక అందరూ చిన్న బాంజో అంటారు. మనిషి చిన్నదే గానీ నోరు పెద్దది. హాల్లో చివరి వరసకి కూడా వినపడాలని తయారుచేసిన వస్తువు అది.

ఈ చిన్న బాంజోకి తోలు అంచు దగ్గర చిరిగింది. కొక్కేలు తుప్పు పట్టాయి. తీగలు బిగించే బిరడాల్లో ఒకటి బిగుసుకుపోయి కదలటం లేదు. చెక్క మాత్రం గట్టిగా, మంచి రంగులో ఉంది.

"దీన్ని ఎవడో చంపేశాడు," అంది ఆవిడ. "పెళ్ళయిన కొత్తలో నేను డాన్సు హాలు బ్యాండులో వాయించేదాన్ని. ఒకసారి బిరడా వదులైతే బాగుకిచ్చాం. తిరిగొచ్చాక గొంతు పోయింది. గోనెసంచీ మీద కొట్టినట్టు మోగేది. లోపల ఏదో మార్చేశారని నేను, అలాంటిదేమీ లేదని వాళ్ళు. చివరికి అందరూ కలిసి నాకే అనుమానం జబ్బని తేల్చారు. నా వేళ్ళే మొద్దుబారాయేమో అనుకుని బ్యాండు మానేశాను. ఇప్పుడు మా పాతవాళ్ళు ఇద్దరు మళ్ళీ వాయిద్దాం రమ్మంటున్నారు. వెళ్ళేముందు నాకు ఒకటి తేలాలి. పోయింది నా వేళ్ళా, ఇదా?"

"ఏ షాపులో ఇచ్చారమ్మా?"

"స్టేషన్ వెనక వీధిలో ఉండేది. ఇప్పుడు ఆ వీధే లేదు."

నా చిన్నప్పుడు మా షాపు కూడా స్టేషన్ వెనక వీధిలోనే ఉండేది. అయితే ఆ వీధినిండా వాయిద్యాల షాపులేనని నాన్న చెప్పేవాడు. ఆ మాట గుర్తు తెచ్చుకుని ఊపిరి పీల్చుకున్నాను.

"ఏది విప్పినా నా కళ్ళ ముందే విప్పాలి," అని ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ క్షణంలోనే మనసులో ఆవిడకి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టేశాను.

ఇంతసేపూ ఆవిడ భర్త గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. సన్నగా, శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, చేతిలో గొడుగు పట్టుకుని ఉన్నాడు. బయట ఎండ కాస్తోంది. వెళ్ళేటప్పుడు ఆవిడ మెట్లు దిగాక ఒక అడుగు వెనక్కి వేసి నాతో మెల్లగా అన్నాడు: "ఏమీ అనుకోకమ్మా. ఆవిడకి కాస్త అనుమానం ఎక్కువ. మొదట్నించీ అంతే."

పాపం పెద్దమనిషి అనుకున్నాను.

మర్నాడు షాపు తలుపు తీసేసరికి గొడుగాయన ఒక్కడే మెట్ల మీద నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే వచ్చాడు గానీ కూర్చోలేదు. బల్ల మీద బాంజోని చూశాడు, గోడకి వేలాడుతున్న గిటార్లని చూశాడు, తర్వాత వెనక గది వైపు చూశాడు.

"మీ నాన్నగారు షాపులోకి రావటం లేదా?"

"అప్పుడప్పుడూ వస్తారు. ఆయన మీకు తెలుసా?"

"అబ్బే, లేదు. ఊరికే అడిగాను." గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఒక చిన్న మాటమ్మా. తోలు మార్చండి, తుప్పు వదిలించండి, బాగా కనిపించేలా చెయ్యండి. కానీ సౌండు మరీ గట్టిగా రాకుండా చూడండి. చుట్టూ అపార్టుమెంట్లు, మేమూ పెద్దవాళ్ళమయ్యాం. ఉన్నదేదో ఉన్నట్టు ఉంచితే చాలు. లోపల మరీ కెలకొద్దు."

"ఆవిడకి గొంతు కావాలంటున్నారు కదండీ?"

"ఆవిడ అలాగే అంటుంది. మీరు చేసి ఇచ్చెయ్యండి, నేను సర్దిచెప్పుకుంటాను."

ఆయన వెళ్ళిపోయాక నేను చాలాసేపు బాంజో ముట్టుకోలేదు. లోపల కెలకొద్దని ఎందుకన్నాడు? లోపల ఏముందో తెలియని మనిషి ఆ మాట అనడు. నాన్న ఉన్నాడా అని ఎందుకడిగాడు? నిన్న అనుమానమంతా ఆవిడదే అనిపించింది. ఇప్పుడు అది అంటురోగంలా నాకూ అంటుకుంది.

కాసేపటికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి తన స్టూలు మీద కూర్చుంది. విప్పటం మొదలుపెట్టాను. మొదటి కొక్కెం తియ్యగానే దాని వెనక గులాబీరంగు చుక్క కనిపించింది. రెండోదానికీ ఉంది. నట్లకీ, బిరడాలకీ, తీగలు కట్టే పట్టీకీ, చివరికి మెడ ఒంటికి అతుక్కునే మడమ కిందా ఉన్నాయి. గోళ్ళరంగు.

"ఇవేంటమ్మా?"

"గుర్తులు," అంది ఏమాత్రం తడుముకోకుండా. "మొన్న మా మనవరాలి సీసా తీసుకుని పెట్టాను. నావి తీసుకుని వేరేవి వేస్తే తెలియాలి కదా."

కడుపు మండింది. మా షాపులో మిగిలిన మేకుని కూడా పొట్లం కట్టి మనిషికి తిరిగిచ్చే అలవాటు. అది నాన్న నేర్పింది. "మీకు అంత నమ్మకం లేకపోతే ఇంకెక్కడికైనా తీసుకెళ్ళండి," అందామని నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ మొహంలో కయ్యానికి దిగిన మనిషి కనపడలేదు. పరీక్ష ఫలితాల కోసం గోడ దగ్గర నిలబడ్డ పిల్లలా ఉంది. ఆ మాట మింగేశాను.

తోలుని చట్రానికి పట్టి ఉంచే బిగింపు రింగు వదులు చేసే సమయానికి ఆవిడ ఫోను మోగింది. మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళింది. నేను పాత తోలు ఎత్తాను.

మామూలుగా ఇలాంటి మంచి బాంజోల్లో చట్రం అంచు మీద ఇత్తడి రింగు ఉంటుంది. తోలు దాని మీద ఆనుకుంటుంది. తీగ మీటగానే గణగణలాడే గొంతు వచ్చేది దానివల్లే. ఈ చట్రంలో ఆ రింగు కూర్చునే గాడి ఉంది. గాడిలో మాత్రం చెక్క రింగు ఉంది. ఎత్తు సరిగ్గా సరిపోయేలా చెక్కి, చట్రంలో కలిసిపోయేలా రంగు వేశారు. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. మోతని మింగెయ్యటానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

రింగు తిప్పి చూశాను. రెండు కొసలూ కలిసేచోట ఏటవాలుగా కోసి అతికించారు. అతుకు ఊడకుండా దానికి అడ్డంగా వెంట్రుకంత సన్నని వెదురు సీల దింపారు. ఆ సీల అలా దింపే మనిషిని ఒక్కణ్ణే నేను చూశాను. నాకు ఆ పని నేర్పింది ఆయనే.

వరండాలో చెప్పుల చప్పుడైంది. నా చెయ్యి నన్ను అడక్కుండానే తుడిచే గుడ్డ తీసి చట్రం మీద కప్పేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలోనే ఆగింది. "ఏం దాచావు?"

"దుమ్ము పడుతుందని కప్పానమ్మా."

"ఇందాకటి నుంచి పడని దుమ్ము ఇప్పుడు పడుతోందా?"

నాకు అబద్ధం సరిగ్గా రాదు. "తోలు నానబెట్టాలి, ఇవాళ్టికి ఇంతే," అని ఏదో గొణిగాను. ఆవిడ నన్నూ గుడ్డనీ మార్చిమార్చి చూసింది. గుడ్డ తియ్యమని అడగలేదు. "రేపు పొద్దున్నే వస్తాను," అని మాత్రం అంది. ఆ మాటలో బెదిరింపు ఉందో, బతిమాలటం ఉందో నాకు అర్థం కాలేదు.

ఆవిడ వెళ్ళగానే వెనక గదిలోకి వెళ్ళాను. నాన్న కునుకు తీస్తున్నాడు. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద ఆయన నీళ్ళ కూజా ఉంది. దాని అడుగు గుండ్రంగా ఉంటుంది, కింద ఆసరా లేకపోతే దొర్లిపోతుంది. ఆ ఆసరా నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న ఇత్తడి రింగు. దాన్ని నేను ఎన్నిసార్లు తోమానో. అదేమిటని ఒక్కసారైనా అడగలేదు. ఇంట్లో ఉన్న వస్తువుని ఎవరడుగుతారు?

కూజా మెల్లగా ఎత్తి కింద పెట్టి, రింగు తీసుకుని షాపులోకి వచ్చి, చట్రం మీద పెట్టాను. ఒత్తాల్సిన పని కూడా లేకుండా గాడిలో కూర్చుంది.

మా నాన్న దొంగా? మేకులు పొట్లం కట్టి ఇచ్చే మనిషి ఆవిడ బాంజో గొంతు కోసి ఇన్నాళ్ళూ దాని మీద నీళ్ళ కూజా పెట్టుకున్నాడా? పొట్లాలన్నీ నాటకమేనా? ఇంకెన్ని వాయిద్యాల్లోంచి ఏమేం తీశాడు? గోడకున్న గిటార్లన్నీ నా వంకే చూస్తున్నట్టనిపించింది.

"కూజా ఎవరు కింద పెట్టారు?" అంటూ నాన్న గుమ్మంలోకి వచ్చాడు. బల్ల మీద ఉన్నది చూసి ఆగిపోయాడు. గోడ పట్టుకుని మెల్లగా వచ్చి ఆవిడ స్టూలు మీదే కూర్చున్నాడు.

"ఆవిడ వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. నువ్వు తీశావా ఇది?"

"తీశాను."

"ఎందుకు నాన్నా?"

"వాళ్ళాయన తియ్యమన్నాడు. బిరడా బాగుకని తెచ్చింది ఆయనే. ఇంట్లో పసిపిల్ల నిద్రపోవటం లేదు, మోత తగ్గించండి, మా ఆవిడే చెప్పమంది అన్నాడు. నేను నమ్మాను. పిల్ల పెద్దదయ్యాక తిరిగి వేసిస్తాను, రింగు పట్టుకెళ్ళండి అంటే, మీ దగ్గరే ఉంచండి, మళ్ళీ వస్తానన్నాడు. తర్వాత కొన్నాళ్ళకి ఆవిడే వచ్చింది. ఏం మార్చావు, ఏం తీశావు అని నిలదీసింది. ఆవిడకి తెలియదని నాకప్పుడు అర్థమైంది. వెనక ఆయన నిలబడి ఉన్నాడు. నా కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాడు."

"నువ్వు చెప్పలేదు."

"మొగుడూ పెళ్ళాల మధ్య దూరటమెందుకనుకున్నాను. ఏమీ మార్చలేదమ్మా అన్నాను. ఆవిడ వెళ్ళిపోయింది."

"అప్పటి నుంచీ ఆవిడకి అనుమానం జబ్బని పేరొచ్చింది."

నాన్న ఇత్తడి రింగుని ఒకసారి తడిమి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

నేను నమ్మానా? సగం నమ్మాను. గొడుగాయన పొద్దున అన్న మాటలు నాన్న చెప్పినదానికి అతికినట్టు సరిపోతున్నాయి. అయినా కూతుర్ని కాబట్టి నమ్ముతున్నానేమో అని లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉంది.

తర్వాత రోజులు పనిలో గడిచాయి. కూజా చెమ్మకి ఇత్తడి రింగుకి మళ్ళీ పట్టిన పచ్చటి చిలుముని నిమ్మరసంతో వదిలించాను. ఇన్‌స్పెక్టరమ్మ స్టూలు మీంచి అది చూసి, "ఇది ఎక్కడిది?" అంది.

"దీనిలోదే. గొంతు వచ్చాక అంతా చెప్తానమ్మా. అప్పటిదాకా నన్ను ఏమీ అడక్కండి. ఆఖరిరోజు అయ్యగారిని కూడా తీసుకురండి."

ఆవిడ పెదాలు కదిలాయి. అయినా అడగలేదు. ఆ రోజంతా నా చేతుల మీంచి చూపు తిప్పలేదు.

కొత్త తోలు నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక సన్నని కడ్డీ రింగుకి చుట్టి, అంచులు లోపలికి దోపి, పైన బిగింపు రింగు పెట్టాను. తడిమీద గట్టిగా బిగిస్తే ఆరేటప్పుడు చీలిపోతుంది. అందుకని కాస్త పట్టు ఉండేలా వదిలి నీడలో ఆరనిచ్చాను. ఆరాక మిగిలిన అంచు కోసేసి, ఎదురెదురు నట్లని జతగా కొంచెంకొంచెం తిప్పుతూ వేలితో తట్టి చూశాను. మొదట అట్టపెట్టెలా పలికింది, తర్వాత తలుపులా, చివరికి చిన్న డోలకులా. బిగుసుకుపోయిన బిరడాని వదులు చేసి తీగలు కట్టాను. తీగల్ని ఎత్తిపట్టే చిన్న చెక్కముక్క, బ్రిడ్జి, తోలు మీద ఊరికే నిలబడి ఉంటుంది, దానికి జిగురూ మేకూ ఉండవు. వెంట్రుకవాసి జరిగినా పై మెట్లలో శ్రుతి తప్పుతుంది. మెడ మధ్యలో ఉన్న మెట్టు దగ్గర స్వరాన్ని వేలు ఆనించని ఉత్త తీగ స్వరంతో పోల్చుకుంటూ, గోటితో నెడుతూ దాని చోటు పట్టుకున్నాను.

ఆఖరిరోజు ఇద్దరూ వచ్చారు. గొడుగాయన ఈసారీ గుమ్మం దగ్గరే ఆగాడు. నేను బాంజోని ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ ఒకసారి మీటింది. షాపంతా ఖంగుమంది. గోడ మీద గిటార్ల తీగలు కూడా సన్నగా వంత పలికాయి. ఆవిడ ఉలిక్కిపడి తోలు మీద అరచెయ్యి వేసి ఆపింది. తర్వాత చెయ్యి తీసి మెల్లగా ఒక డాన్సు పాట మొదలుపెట్టింది. మొదట తడబడింది. రెండోసారికి వేళ్ళు దారి గుర్తు తెచ్చుకున్నాయి. మూడోసారికి వాయిస్తున్నది ఆవిడ కాదు, స్టూలు మీద ఇంకెవరో పడుచుపిల్ల కూర్చుంది.

ఆపి, చేతివేళ్ళు చాపుకుని చూసుకుంది. "ఇవి బాగానే ఉన్నాయి," అంది. నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. ఎవరు తీశారు?"

నేను నోరు తెరిచేలోపే వెనక తలుపు చప్పుడైంది. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"తీసింది నేనమ్మా," అన్నాడు. "మీరొచ్చి అడిగినప్పుడు అబద్ధం చెప్పింది కూడా నేనే. తియ్యాలని అనుకున్నది మాత్రం నేను కాదు."

ఆవిడ నాన్నని గుర్తుపట్టింది. కళ్ళు చిన్నవయ్యాయి. తర్వాత షాపులో ఇంకెవరున్నారా అన్నట్టు చూసింది. నన్ను దాటి, నాన్నని దాటి, ఆ చూపు గుమ్మం దగ్గర ఆగింది.

గొడుగాయన నేల చూస్తున్నాడు. "పాప నిద్రపోయేది కాదు," అన్నాడు.

"పాప నేను వాయిస్తేనే నిద్రపోయేది," అంది ఆవిడ. అరవలేదు. లెక్క సరిచూస్తున్నట్టు అంది. "మీరు చెప్పండి. ఎందుకు?"

"బ్యాండువాళ్ళు ఊళ్ళు తిప్పుతామన్నారు కదా. నువ్వు వెళ్తే మళ్ళీ రావేమోననిపించింది. ఆ పాటగాడు..." అని ఆగిపోయాడు.

"ఆ పాటగాడు నన్ను అక్కా అని పిలిచేవాడు."

"నాకెలా తెలుస్తుంది?"

"నన్ను అడిగితే తెలిసేది." లేచి నిలబడింది. "అనుమానం మీకు. జబ్బు నాకని ఊరంతా చెప్పారు. డాక్టరుకి కూడా చూపించారు. ఆ మాత్రలు కూడా మింగాను."

ఆవిడ బాంజోని తువ్వాల్లో చుట్టుకుని, నాకు తల ఊపి, ఆయన పక్కనుంచి తగలకుండా తప్పుకుని మెట్లు దిగింది. కిటికీలోంచి చూస్తే వీధి చివర బస్సు ఎక్కుతోంది.

గొడుగాయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆయన్ని పొమ్మనాలో కూర్చోమనాలో నాకు తెలియలేదు. చివరికి నాన్నే గ్లాసుతో నీళ్ళు ఇచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకే పని కలిసి చేసినవాళ్ళకి మాట్లాడుకోటానికి ఏముంటుంది?

వానలు మొదలయ్యాక ఆవిడ మళ్ళీ వచ్చింది. చెమ్మకి తోలు సాగి గొంతు మందగించింది. అది తోలు స్వభావమనీ, నట్లు కాస్త బిగిస్తే సరిపోతుందనీ చెప్పి, బిగించి ఇచ్చాను. పాతవాళ్ళతో కలిసి వాయిస్తోందట. డోలు వాయించే ఆవిడకి సగం చెవుడు కాబట్టి తన మోత ఎవరికీ ఎక్కువనిపించటం లేదంది. ఆవిడ నవ్వటం అదే మొదటిసారి చూశాను.

"అయ్యగారు ఎలా ఉన్నారమ్మా?"

"ఇంట్లోనే ఉన్నారు. రోజుకో ప్రశ్న అడుగుతున్నాను," అంది. "మా రేడియో అన్నేళ్ళు ఎందుకు పాడైపోయి ఉంది, నాకు రావాల్సిన ఫోన్లు ఎందుకు రాలేదు, నా పాత చెప్పులు ఎవరు పారేశారు, అన్నీ. కొన్ని నిజంగానే పాడయ్యాయేమో, కొన్ని నిజంగానే పోయాయేమో. ఇప్పుడు ఏది ఏదో తేల్చుకోటం కష్టంగా ఉంది. ఆయన ప్రతిదానికీ జవాబు చెప్తున్నారు. కొన్నిరోజులు నిజమే చెప్తున్నారనిపిస్తుంది."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు బయటికొచ్చి వాయించుకుంటాను."

అప్పుడే నాన్న వెనక గదిలోంచి దగ్గుతూ వచ్చాడు. ఆవిడని చూసి వెనక్కి తిరగబోయాడు. "ఉండండి," అంది ఆవిడ. "మిమ్మల్ని కూడా ఒకటి అడగాలి. ఆయన రింగు కోసం మళ్ళీ రాలేదు కదా, మీరే ఎప్పుడైనా మా ఇల్లు వెతుక్కుని వద్దామనుకున్నారా?"

నేనూ నాన్న మొహం వంకే చూస్తున్నాను. ఆ జవాబు నాకూ కావాలి.

"లేదమ్మా," అన్నాడు.

ఆవిడ తల ఊపింది. "ఇది నిజం," అని, బాంజో సంచీ భుజానికి తగిలించుకుని వానలోకి దిగింది.